ఉపాధ్యాయుడు మరల చదువుకొను చదువు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఉద్యోగములో చేరిన చాల యేండ్లకు ఒక ఉపాధ్యాయుడు పగలు బడిలో పాఠములు చెప్పుచు, రాత్రులందు అంతర్జాలము ద్వారా విదేశీయ విశ్వవిద్యాలయమున "బోధన రూపకల్పన, అభ్యసన సాంకేతిక శాస్త్రము" అను విషయమున మాస్టరు పట్టమునకు చదివినాడన్న వార్త మన ఊరివారికి కొంత వింతగా తోచినది. పాఠము చెప్పుట తెలిసినవాడు పాఠము చెప్పుటను గూర్చి మరల చదువుట యేల యని కొందరు నన్నడిగిరి. కంప్యూటరు నడుపుట నేర్చుకొనుటకు రెండేండ్లు కావలెనా యని మరికొందరడిగిరి. ఈ రెండు ప్రశ్నలకును ఈ సభలోనే సమాధానము చెప్పుడని కార్యదర్శిగారు కోరినారు. వారు కోరుటకు మరియొక కారణమును గలదు. రజతోత్సవము పేరిట చేరిన నిధితో పిల్లల విభాగమునకు ఏమి కొనవలెనన్నది ఇంకను తేలలేదు. పెద్ద తెరయు, డజను టాబ్లెట్లును కొనవలెనని యువకులు పట్టుబట్టుచున్నారు. పుస్తకముల బీరువాలు తప్ప మరేమియు వలదని పెద్దలు వాదించుచున్నారు. నేను చదివిన చదువు ఈ తగవులో ఎవరి పక్షమున నిలుచునో వినగోరి వచ్చినవారు కొందరీ సభలో నున్నారని యెరుగుదును.

మొదట రెండవ ప్రశ్నకే సమాధానము చెప్పెదను. ఈ చదువులో కంప్యూటరు పాలు తక్కువ. ఇల్లు కట్టించువాడు సిమెంటు బస్తాలు దింపించుటకు ముందు ఆ యింట నుండువారెందరు, వంట యేమూల, పశువుల కొట్ట మెచ్చట, వాన ఏ దిక్కునుండి కొట్టునని విచారించును గదా! పాఠమునకును అట్టి విచారణ చేయుటయే బోధన రూపకల్పన. నేర్చుకొనువాడెవడు? వాడిప్పటికి ఏమి యెరుగును? పాఠము ముగియునప్పటికి వాడేమి చేయగలిగి యుండవలెను? ఆ పని వాడు చేయగలుగుచున్నాడని మనకెట్లు తెలియును? ఈ నాలుగు ప్రశ్నలు తీరిన తరువాతనే పుస్తకమా, బొమ్మయా, చలనచిత్రమా, కంప్యూటరా అను ప్రశ్న వచ్చును. సాంకేతిక శాస్త్రమను మాట పేరులో చివర నున్నది. చదువులోను దాని స్థాన మదియే.

ఈ శాస్త్రము అమెరికాలో యుద్ధము మూలమున బలపడినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, నిన్నటిదాక నాగలి పట్టినవారికిని, దుకాణములలో తక్కెడ పట్టినవారికిని కొలది వారములలో యంత్రములు నడుపుట నేర్పవలసివచ్చెను. కర్మాగారములలో పనివారికి తర్ఫీదునిచ్చుటకై అచటి విద్యాశాఖ 1941 మొదలు 1945 వరకు 457 శిక్షణ చిత్రములను తీయించినది. సైనికులకు శిక్షణనిచ్చు పనిలో మనస్తత్వ శాస్త్రజ్ఞులను గూడ నియోగించిరి. వారిలో రాబర్ట్ గాన్యే అను నతడు తరువాత ఈ శాస్త్రమునకు మూలపురుషులలో ఒకడయ్యెను. 1975లో ఫ్లోరిడా రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు సైన్యము కొరకు పాఠనిర్మాణమును అయిదు అంచెలుగా విభజించి ఒక పద్ధతిని సిద్ధపరచిరి. పరిశీలించుట, రూపము నిర్ణయించుట, తయారుచేయుట, అమలుపరచుట, ఫలితమును చూచి దిద్దుకొనుట – ఇవియే ఆ అంచెలు. ఈనాటికిని ఈ చదువులో చేరిన విద్యార్థికి మొదట చెప్పునది ఇంచుమించుగా ఈ వరుసనే.

వినుటకు ఇది అతి సామాన్యముగా నుండును. ఆచరణలోనికి దిగినప్పుడు గాని దీని కాఠిన్యము తెలియదు. "ఈ పాఠము వలన విద్యార్థి భిన్నములను అర్థము చేసికొనును" అని మనము పాఠ్యపథకములో వ్రాయుదుము. తనిఖీకి వచ్చిన అధికారి చూచి సంతకము చేయును. అర్థము చేసికొనుట యనగా నేమి? దానిని కంటితో చూచినవారెవరు? 1962లో రాబర్ట్ మేగర్ అను నతడు లక్ష్యములను వ్రాయు విధమును గూర్చి ఒక చిన్న పుస్తకమును ప్రచురించెను. లక్ష్యమునందు మూడు సంగతులుండవలెనని అతని మతము: విద్యార్థి చేయు పని కంటికి కనబడునదై యుండవలెను; ఆ పని ఎట్టి పరిస్థితులలో చేయునో చెప్పవలెను; ఎంత చక్కగా చేసినచో చాలునో చెప్పవలెను. మన యూరి మాటలలో చెప్పవలెనన్నచో లక్ష్యమిట్లుండును: "ఎకరములో పాతిక, సగము, ముప్పాతిక వంటి భాగములు చెప్పగా, కాగితము వాడక, ఎన్ని సెంట్లో విద్యార్థి చెప్పగలడు, అయిదింట నాలుగైనను సరిగా చెప్పగలడు." ముప్పాతిక ఎకరము డెబ్బదియైదు సెంట్లని పొలము గట్టుమీద నిలిచి చెప్పగల పిల్లవానికి భిన్నములు వచ్చినవి. నల్లబల్లమీద లెక్కను దింపుకొని మార్కులు తెచ్చుకొన్నవానికి వచ్చినవో లేవో మనమెరుగము. ఇట్టి వాక్యము నొక్కదానిని కుదురుగా వ్రాయుటకు ఒక సాయంకాలము పట్టుట కలదు. ఈ పట్టమునకు చదువువారి శ్రమలో పెద్ద పాలు ఇట్టి వాక్యములు వ్రాయుటకును కొట్టివేయుటకును పోవును.

నాకు అన్నిటికంటె విలువైనదిగా తోచినది గాన్యే చెప్పిన మరియొక సంగతి. ప్రతి విద్యకును క్రింద మెట్లుండును. పై మెట్టు ఎక్కలేని పిల్లవాడు పై మెట్టునకు తగనివాడని తీర్పు చెప్పరాదు. క్రింది మెట్లలో ఏది విరిగినదో వెదుకవలెను. భాగహారము రాని బాలునికి మరల మరల భాగహారమే చెప్పుదుము. వానికి రానిది ఒక్కొక్కప్పుడు తీసివేతయై యుండును. ఎగువ బోదెకు గండి పడినప్పుడు దిగువ మడి దగ్గర గొడ్డలి పుచ్చుకొని నిలిచిన ఏమి లాభము? పాఠము మొదలుపెట్టుటకు ముందే క్రింది మెట్లను పరీక్షించుటకు ఈ శాస్త్రమున కొన్ని పద్ధతులు కలవు. వానిలో ఏదియు ఖరీదైనది కాదు. కాగితమును, ఓపికయు చాలును.

ఇంకొకటి. 1967లో మైకేల్ స్క్రివెన్ అను తత్త్వవేత్త మూల్యాంకనమును రెండుగా విభజించి పేర్లు పెట్టెను. పని ముగిసిన తరువాత తీర్పు చెప్పునది ఒకటి. పని జరుగుచుండగా దానిని బాగుచేయుటకు ఉపయోగపడునది మరియొకటి. మన పరీక్షలన్నియు మొదటి కోవకు చెందినవి. రెండవ దానిని పాఠమునకే పెట్టవలెను. దర్జీ కచ్చాకుట్టు వేసి, తొడిగించి చూచి, పిమ్మట గట్టి కుట్టు వేయునట్లు, పాఠమును మొదట ఒక్క విద్యార్థికి చెప్పి చూడవలెను. తరువాత చిన్న జట్టుకు. ఆ పిమ్మటనే తరగతికంతకును. విద్యార్థి తడబడినచోట పాఠమును దిద్దవలెను. మొదటి అనుమానము పాఠముమీద, రెండవది విద్యార్థిమీద – ఇదియే అచటి నియమము. మన బడులలో ఈ వరుస తలక్రిందుగా నున్నది. "వీనికి బుర్ర లేదు" అను మాట ఎంత సులభముగా మన నోట వచ్చునో యిచటి తల్లిదండ్రు లెరుగుదురు.

ఇక యంత్రముల సంగతి. పాఠము చెప్పు యంత్రమును గూర్చిన ఆశ కొత్తది కాదు. చలనచిత్రమును చూచి మురిసిన థామస్ ఎడిసన్ 1913లోనే బడులలో పుస్తకములకు త్వరలో కాలము చెల్లునని చెప్పెను. నూరేండ్లు దాటినను ఆ జోస్యము ఫలింపలేదు. 1926లో ఓహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయములోని సిడ్నీ ప్రెస్సీ అను ఆచార్యుడు ప్రశ్నలడిగి, సరియైన మీట నొక్కినగాని ముందుకు సాగని పెట్టె నొకదానిని గూర్చి వ్యాసము ప్రకటించెను. 1953లో హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన స్కిన్నర్ తన కుమార్తె చదువుచున్న లెక్కల తరగతిని చూడబోయెను. పిల్లలందరును ఒకే లెక్క చేయుచున్నారు. త్వరగా చేసినవారు ఊరక కూర్చున్నారు. రానివారు దిక్కులు చూచుచున్నారు. తాము చేసినది తప్పో ఒప్పో అప్పుడే తెలిసినవాడు ఒక్కడును లేడు. ఆయన ఇంటికి వచ్చి, చిన్న చిన్న అడుగులుగా పాఠము చెప్పి, సమాధానము సరియో కాదో వెంటనే తెలుపు పెట్టెను చేయ నారంభించెను. అట్టి పెట్టెలు కొన్నాళ్ళు అమెరికా బడులలో మోజుగా వాడబడి తరువాత మూలబడినవి. పెట్టె పోయినను, చిన్న అడుగు, వెంటనే జవాబు అను ఆలోచన పోలేదు. నేడు మీ ఫోనులలో పిల్లలాడుకొను లెక్కల ఆటలు దాని మనుమలే.

1983లో రిచర్డ్ క్లార్క్ అను విద్వాంసుడు అంతవరకు జరిగిన పరిశోధనలను పరిశీలించి ఒక గట్టి మాట చెప్పెను. సరకులు తెచ్చిన లారీకిని, ఆ సరకులు తిన్నవారి పుష్టికిని ఎట్టి సంబంధమో, పాఠమును తెచ్చిన యంత్రమునకును విద్యార్థి నేర్చుటకును అట్టి సంబంధమే యని ఆయన వాదము. పుష్టి బియ్యములో నున్నది గాని లారీలో లేదు. రాబర్ట్ కోజ్మా అను మరియొక పండితుడు దీనిని ఖండించెను. కొన్ని పాఠములు కొన్ని సాధనముల వలననే సాధ్యమగునని ఆయన పక్షము. ఈ వివాదము నాటినుండి నేటివరకు సాగుచునే యున్నది. హృదయము కొట్టుకొను తీరును కదలు బొమ్మలో చూచినవానికి కలుగు ఎరుక మాటలతో కలుగదు గనుక కోజ్మా చెప్పినదానిలో సత్యము లేకపోలేదు. అయినను నిధి చేతిలో పెట్టుకొని దుకాణమునకు బయలుదేరువారు ముందుగా వినవలసినది క్లార్కు మాటయే యని నా అభిప్రాయము.

రెండు దృష్టాంతములు చెప్పెదను. దక్షిణ అమెరికాలోని పెరూ దేశము తన పల్లెటూరి బడిపిల్లలకు లక్షలకొలది చిన్న కంప్యూటరులను పంచినది. అచటి 319 గ్రామీణ పాఠశాలలలో జరిగిన పరిశీలన ఫలితములు 2012లో వెలువడినవి. పిల్లలచేతికి కంప్యూటరులు వచ్చినవి గాని, లెక్కలలోను భాషలోను వారు చూపిన అభివృద్ధి యేమియు లేదు. ఇక మన దేశమున గుజరాతులోని వడోదరలో నాలుగవ తరగతి పిల్లలను వారమునకు రెండు గంటల సేపు, ఇద్దరికి ఒకటి చొప్పున కంప్యూటరు ముందు కూర్చుండబెట్టిరి. లెక్కలు ఆటల రూపమున నుండి, పిల్లవాని శక్తినిబట్టి సులభముగనో కఠినముగనో మారుచుండెను. లెక్కలలో వారు స్పష్టముగా ముందంజ వేసిరి. అదే పరిశోధనలో, చదువు వెనుకబడిన పిల్లలను దినమునకు రెండు గంటలు వేరుగా కూర్చుండబెట్టి, ఆ ప్రాంతమునకే చెందిన యువతులచేత మొదటి మెట్లు చెప్పించినప్పుడును మంచి ఫలితమే కనబడెను. ఈ పరిశోధనను 2007లో ప్రకటించిన వారిలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డూఫ్లో 2019లో నోబెల్ బహుమానమును పొందిన ముగ్గురిలోనివారు. పెరూలో యంత్రము ముందు వచ్చి పాఠము వెనుకబడినది. వడోదరలో పిల్లవాని మెట్టు తెలిసిన పిమ్మట యంత్రము వచ్చినది. యంత్రము లేనిచోట ఆ ఊరి ఆడపడుచు వచ్చినది.

ఈ సందర్భమున గ్రంథాలయాభిమానులు తప్పక తెలిసికొనవలసిన ఒక అబద్ధమును గూర్చి చెప్పవలెను. చదివినదానిలో నూటికి పదిపాళ్ళే మనసున నిలుచును, విన్నదానిలో ఇరువది, చూచినదానిలో ముప్పది, చేసినదానిలో తొంబది నిలుచునని చూపు శిఖరము వంటి బొమ్మ ఒకటి ఉపాధ్యాయ శిక్షణ తరగతులలో తరచుగా కానవచ్చును. తెర కొనవలెనను మన యువకులలో ఒకరు నిన్ననే దానిని ఫోనులో నాకు చూపిరి. దానిక్రింద ఎడ్గర్ డేల్ అను పేరుండును. ఎడ్గర్ డేల్ ఓహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండి 1946లో దృశ్య శ్రవణ సాధనములను గూర్చి వ్రాసిన గ్రంథములో శంకువు ఆకారముగల బొమ్మ నొకదానిని గీసిన మాట నిజము. స్వయముగా పొందిన అనుభవము అడుగునను, మాటలు శిఖరమునను ఉంచి, నడుమ చలనచిత్రములు, ప్రదర్శనములు మొదలగువానిని వరుసగా పేర్చెను. ఆ బొమ్మలో అంకె లొక్కటియు లేవు. ఆ పదులు ఇరువదులు పిమ్మట ఎవరో తగిలించినవి. అంత గుండ్రని అంకెలు నిజమైన కొలతలలో వచ్చునా యని సంతలో కాటా చూచు అలవాటున్న మన రైతే అడుగగలడు. ఇట్టి అంకెలను చూచి బెదిరి పుస్తకము పదిపాళ్ళ వస్తువని నమ్మినచో ఈ ఇరువదియైదేండ్ల శ్రమకును అర్థము లేకుండ పోవును.

ఈ శాస్త్రమంతయు పరదేశీయమని భావింపబోకుడు. పద్దెనిమిదవ శతాబ్ది చివర చెన్నపట్టణములో అనాథ బాలుర శాలను నడిపిన ఆండ్రూ బెల్ అను స్కాట్లండు మతబోధకుడు, ఈ దేశపు బడిలో పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుట చూచెను. తన శాలలో ఆ పద్ధతిని ప్రవేశపెట్టి, పెద్ద పిల్లలచేత చిన్న పిల్లలకు చెప్పించి, 1797లో ఇంగ్లండులో దానిని గూర్చి పుస్తకము ప్రకటించెను. అచట అది మద్రాసు పద్ధతి యని పేరుపొందినది. మన వీధిబడిలో పంతులుగారి పక్కన కూర్చుండి గుంట ఓనమాలు దిద్దించిన పెద్ద పిల్లవాడే ఆ పద్ధతికి మూలము. బళ్ళారి కలెక్టరుగా నున్న క్యాంబెల్ 1823లో తన జిల్లాలోని 533 బడులను గూర్చి ప్రభుత్వమునకు నివేదిక పంపుచు ఈ పద్ధతిని మెచ్చుకొనెను. ఈయన తెలుగు వ్యాకరణమును వ్రాసినవాడు గనుక మన భాష తెలియని మాట కాదు. అయితే ఆ నివేదికలోనే మరియొక మాటయు వ్రాసెను: పిల్లలు పద్యములను చిలుకలవలె వల్లించుచున్నారు గాని వాని అర్థ మెరుగరు, బడిలో చదువు భాష వేరు, ఇంట మాటలాడు భాష వేరు. చెప్పు పద్ధతి చక్కనిదే. దేనిని సాధించుటకు చెప్పుచున్నారో విచారింపలేదు. రెండువందల యేండ్ల క్రిందటి ఆ నివేదిక నేడును మన బడులకు వర్తించుచున్నదా లేదా అన్నది సభవారికే వదలుచున్నాను.

పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలకు చదువు చెప్పదలచి, ముందుగా తామే సవర భాష నేర్చుకొని, ఆ భాషలో వాచకములు వ్రాసిరి. నేర్చుకొనువాడెవడు, వాడేమి యెరుగును అన్న ప్రశ్నకు అంతకంటె నిండైన సమాధానము నాకు ఏ పాఠ్యగ్రంథములోను కనబడలేదు.

యంత్రముల విషయమున మన తెలుగునాట జరిగిన పెద్ద ప్రయత్నము గూడ నొకటి కలదు. 1975 ఆగస్టు మొదలు 1976 జులై వరకు, అమెరికావారి ఉపగ్రహము సహాయమున ఆరు రాష్ట్రములలోని సుమారు 2400 పల్లెలకు టెలివిజను పాఠములు ప్రసారమైనవి. ఆ యారింట ఆంధ్రప్రదేశము ఒకటి. ఉదయము పిల్లలకు, సాయంకాలము పెద్దలకు కార్యక్రమములు తెలుగులో వచ్చుచుండెను. గ్రామమంతయు ఒక్క పెట్టెముందు కూర్చున్న దినములవి. ఉపగ్రహము ఒక్క సంవత్సరమునకే అరువుగా లభించినది. గడువు తీరగనే మరలిపోయినది. కొనుటకు ముందు, ఈ వస్తువు రేపు ఆగినచో మన పిల్లల చదువు ఆగునా యని అడుగవలెనని ఆ యేడాది అనుభవము మనకు నేర్పుచున్నది. మన గ్రంథాలయములో విద్యుత్తు సాయంకాలములందు ఎన్ని గంటలుండునో, పాడైన టాబ్లెటును బాగుచేయించుటకు ఎంత దూరము పోవలెనో ఆలోచింపుడు.

ఇప్పుడు మన నిధిని గూర్చి. 2022లో దేశమందలి పల్లెటూళ్ళలో జరిగిన పరిశీలనలో అయిదవ తరగతి పిల్లలలో నూటికి సుమారు 43 మంది మాత్రమే రెండవ తరగతి పాఠమును చదువగలిగిరి. మన యూరి పిల్లలు అంతకంటె మెరుగో కాదో మనలో ఎవరికిని తెలియదు. తెలియనంతవరకు టాబ్లెట్ల పక్షమును గాని బీరువాల పక్షమును గాని నేను వహింపజాలను. చదువలేని పిల్లవానికి బీరువానిండ పుస్తకము లుండుటయు, చేతిలో టాబ్లెటుండుటయు ఒక్కటియే.

అందువలన నా ప్రతిపాదన యిది. నాలుగు ఆదివారములు వరుసగా, ఆరేండ్లనుండి పద్నాలుగేండ్ల వరకు గల పిల్లలను ఒక్కొక్కరిని ఈ వరండాలో కూర్చుండబెట్టి చదివింతము. మొదట అక్షరములు, పిమ్మట చిన్న మాటలు, పిమ్మట నాలుగు వాక్యములు, చివర ఒక చిన్న కథ. ఏ మెట్టుదగ్గర ఆగిరో ఒక పుస్తకములో వ్రాయుదము. ఆ పుస్తకమును గోడకు తగిలింపవలదు. పేర్లు చదివి నవ్వుకొనుటకు కాదు గదా అది! అక్షరములదగ్గరను మాటలదగ్గరను ఆగినవారు ఎక్కువమంది యున్నచో, పెద్ద అక్షరములుగల సన్నని కథల పుస్తకములును, సాయంకాలము రెండు గంటలు వారిపక్కన కూర్చుండుటకు ఊరిలో చదువుకొన్న ఇద్దరు ఆడపిల్లలకు నెలకు కొంత పారితోషికమును – నిధిలో మొదటి ఖర్చు ఇది కావలెను. కథను వినుచు అక్షరముల వెంట వ్రేలు నడపుటకు ఒకటి రెండు టాబ్లెట్లు అచట ఉపయోగపడవచ్చును, డజను అక్కరలేదు. కథలు చక్కగా చదువువారే ఎక్కువ యని తేలినచో, వారికి కావలసినవి వేరు. గ్రహణములు, గుండె, భూమి పొరలు కదలు బొమ్మలలో చూపుటకు యువకులు కోరిన తెర అప్పుడు పనికివచ్చును; నేనును వారి పక్కన నిలిచి చందా అడుగుదును.

పరీక్షకు వలయు కాగితములను నేను వ్రాసి సిద్ధముచేసితిని. వానిని మొదట ముగ్గురు పిల్లలమీద ప్రయోగించి చూడవలసియున్నది. ఈ సభ ముగిసిన పిమ్మట తమ పిల్లలను పంపదలచిన తల్లులు కార్యదర్శిగారి యొద్ద పేర్లు వ్రాయించవలసినదిగా కోరుచున్నాను. ఆదివారములందు కూర్చుండగల వారు ఆరుగురు కావలెను; ఇప్పటికి ఇద్దరు దొరికిరి.